కడ్డీలు కొనేవారికి ఒక టేపు, ఒక కాటా

జంషెడ్‌పూర్‌లో తొలి ఉక్కు 1912లో తయారైంది. జాతీయ లోహశాస్త్ర ప్రయోగశాల కూడా 1950లో అక్కడే మొదలైంది. ఉత్తరాంధ్ర నుంచి పనికోసం వెళ్లిన ఎన్నో తెలుగు కుటుంబాలు ఆ ఊళ్లో స్థిరపడ్డాయి. అయితే ఉక్కు పుట్టే ఊళ్లోనైనా, మరెక్కడైనా, కడ్డీ మంచిదో కాదో దాని మెరుపు చెప్పదు.

టీఎంటీ కడ్డీని ఎర్రగా కాలుతుండగానే నీటి ధారలతో చల్లారుస్తారు. పైపొర గట్టిపడుతుంది. లోపల మిగిలిన వేడి ఆ పొర పెళుసుదనాన్ని తగ్గిస్తుంది. మధ్యభాగానికి సాగే గుణం ఉంటుంది. భూకంపం వచ్చినప్పుడు కడ్డీ పుటుక్కున తెగకుండా ఈ గుణమే ఆపుతుంది. భారతీయ ప్రమాణం ఐఎస్ 1786 ప్రకారం ఎఫ్ఈ 500 రకం కనీసం 12 శాతం, ఎఫ్ఈ 500డీ రకం కనీసం 16 శాతం సాగాలి. దుకాణంలో నిలబడి దీన్ని ఎవరూ కనిపెట్టలేరు. కాబట్టి ఈ భారం తయారీదారుదీ, అమ్మకందారుదీ, తనిఖీ వ్యవస్థదీ. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం లోపమున్న వస్తువుకు తయారీదారునూ, కొన్ని సందర్భాల్లో అమ్మకందారునూ బాధ్యులను చేస్తోంది.

బరువు సంగతి వేరు. కడ్డీ మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో తెలుస్తుంది. 12 మి.మీ. కడ్డీ మీటరుకు సుమారు 0.89 కిలోలు, 12 మీటర్ల కడ్డీ దాదాపు 10.7 కిలోలు తూగాలి. ఈ సైజుకు బ్యాచ్ మీద 5 శాతం హెచ్చుతగ్గులను ప్రమాణం ఒప్పుకుంటుంది. అంతకన్నా తేలికైతే కడ్డీ సన్నగా ఉన్నట్టే. తూకం లెక్కన కొన్నవారికి డబ్బు నష్టం కనిపించదు, పైగా నాలుగు కడ్డీలు ఎక్కువే వస్తాయి. కానీ ఇంజినీరు పిల్లరుకు ఇన్నేనని లెక్కగట్టి రాస్తాడు. పది శాతం తేలికైన కడ్డీలు అదే సంఖ్యలో వేస్తే పిల్లరులో ఉక్కు పది శాతం తగ్గుతుంది. మోసపోయేది జేబు కాదు, పిల్లరు.

కడ్డీ మీద తయారీదారు పేరు, కట్టకున్న ట్యాగు మీద ఐఎస్ఐ ముద్ర, లైసెన్సు సంఖ్య చూడాలి. ఆ సంఖ్య అసలుదో కాదో ‘బీఐఎస్ కేర్’ యాప్ చెబుతుంది. బిల్లు, పరీక్షా పత్రం అడిగి దాచుకోవాలి. అనుమానం వస్తే గుర్తింపు ఉన్న ప్రయోగశాలకు ఒక ముక్క పంపాలి, 1915 నంబరుకు ఫిర్యాదు చేయాలి.

ఇదంతా కాంక్రీటు పోయకముందే జరగాలి. పోశాక కడ్డీని మళ్లీ కాటా మీద పెట్టలేం.