అఖాతపు పటములో రైతుకును చోటున్నది



తీరప్రాంతముల భవిష్యత్తును గూర్చి ఆలోచించునపుడు అధికారులు ముందుగా బల్లమీద పటము పరచెదరు. కాకినాడ అఖాతమునకు తూర్పున హోప్ ఐలాండ్ అను ఇసుకదిబ్బ సుమారు 16 కిలోమీటర్ల పొడవున అడ్డునిలిచి అలల తాకిడిని ఆపుచున్నది. దక్షిణమున కోరంగి మడ అడవులు. 1978లో వీనిని వన్యప్రాణుల రక్షిత ప్రాంతముగా ప్రకటించిరి. ఇంతవరకు పటము చెప్పును. ఏ పాయలో మండపీత దొరకునో, ఎచ్చట నావల దారి పూడినదో, ఎవరి మనసులో ఏ భయము, ఏ ఆశ యున్నవో చెప్పదు.

ఇవి పటము కెక్కవలెనన్నచో అచ్చటివారే దానిని గీయవలెను. ముగ్గుపిండితో, రాళ్ళతో, ఆకులతో నేలపై గ్రామపటము వేయించు పద్ధతి మీరెరిగినదే. కోరంగి, గాడిమొగ, భైరవపాలెము వంటి గ్రామములలోను ఇదే పని చేయింపవచ్చును. అయితే పంచాయతీ అరుగుమీద పదిమంది పెద్దలను కూర్చుండబెట్టినంతమాత్రమున అది ఊరి పటము కానేరదు. పాటు వేళ బురదలో దిగి గుల్లలు ఏరువారికి తెలిసిన అఖాతము వేరు, లోతున వల వేయువారికి తెలిసినది వేరు. చేపలబుట్ట నెత్తిన పెట్టుకొని అమ్మబోవు స్త్రీ యెరిగినది మరియొకటి. కనుక పోటులో ఒకమారు, పాటులో ఒకమారు, స్త్రీలచే వేరుగా ఒకమారు వేయించుట మంచిది. ముగ్గుపిండి వారి చేతిలోనే యుండవలెను. ఒకే చోట ఒకరు మడమొక్కలు నాటవలెననియు, మరియొకరు నావల దారి త్రవ్వవలెననియు గుర్తు పెట్టినచో దేనినీ చెరుపరాదు. తగవున్న చోటనే అసలు సంగతి యుండును. అన్నియు చక్కగా కుదిరిన పటమును చూచిన నాకు అనుమానమే కలుగును.

కోరంగివారి పటములో తుపాను గుర్తు తప్పక యుండును. ఆ రేవును 1839 నవంబరు తుపాను తుడిచిపెట్టినది. 1996 నవంబరు తుపానును కన్నులార చూచినవారు నేటికిని ఉన్నారు. మడ అడవి విలువ వారికి మనము బోధింప నక్కరలేదు.

మరి ఇందులో రైతుకేమి పని యందురా? 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది మొదలు డెల్టా పొలములలో మిగిలిన నీటిలో కొంత మురుగుకాలువల వెంట ఈ అఖాతమునకే దిగుచున్నది. తుల్యభాగ కలియుచోటని చొల్లంగిలో పుష్య అమావాస్యనాడు జనము స్నానమాడుదురు. పొలములనుండి కొట్టుకొనివచ్చిన ఎరువును, పురుగుమందును చేరునది ఆ నీటిలోనికే. యూరియా వేయుటకు ముందు మడిలో నీరు తగ్గించి, 36 నుండి 48 గంటల తరువాత తిరిగి నీరు పెట్టుడని చెప్పుట మీ ఖర్చు తగ్గించుటకు మాత్రమే కాదు. మడి దాటిపోయిన యూరియాకు డబ్బు మీరు చెల్లింతురు, దాని ఫలితము పీతలు పట్టువాడు అనుభవించును. నదిపై ఆనకట్టలు పెరిగినకొలది సముద్రమునకు చేరు ఒండ్రును తగ్గినది. ఉత్తరముననున్న ఉప్పాడను కెరటములు కోయుచునే యున్నవి.

మారేడ్‌పల్లిలో కూర్చున్నవాని కీ చింత యేల యని అడుగవచ్చును. జంటనగరములు త్రాగు నీటిలో కొంత ఎల్లంపల్లి నుండి వచ్చు గోదావరి నీరే. కావున ముగ్గు వేయునాడు డెల్టా రైతులను కూడ పిలువవలెను. తమ మురుగుకాలువ ఎచ్చట కలియునో వారి చేతనే గుర్తు పెట్టింపవలెను. పిదప కాగితముపై నకలు తీసి, ఒకటి పంచాయతీలో నుంచి, మరుసటి యేడు అదే పోటున, అదే పాటున, ఆ కాగితము తీసికొని మరల పోవలెను.