ఎదురుదావాలో ఖర్చుల పద్దు

కృష్ణ ఒడ్డున ఆంధ్రమహావిష్ణువు కొలువున్న శ్రీకాకుళములో ఒక ధాన్యపు వ్యాపారి ప్రాంసరీ నోటుపై 2,00,000 రూపాయలు రావలెనని ఒక రైతుపై బందరులో దావా వేసెననియు, ఆ రైతు నోటు బాకీ కొంత తీరినదని చెప్పుటయే గాక, తాను తోలిన వడ్లకు వ్యాపారియే తనకు 1,00,000 బాకీ యని ఎదురుదావా పెట్టెననియు ఊహింతము. న్యాయస్థానము వాదికి 1,20,000, ప్రతివాదికి 40,000 నిర్ణయించినచో, సివిల్ ప్రొసీజర్ కోడు 20వ ఆర్డరు 19వ నిబంధన ననుసరించి రెండు మొత్తములను పేర్కొని, తేడా 80,000కు డిక్రీ ఇత్తురు. చిక్కు ఖర్చుల దగ్గర మొదలగును.

ఖర్చులు ఫలితము వెంట నడచుననియు, నడవనీయనిచో అందుకు కారణము లిఖితపూర్వకముగా చూపవలెననియు 35వ సెక్షను శాసించుచున్నది. కాని ఇచ్చట ఫలితమన నేది? ఓడినవాడు కోర్టులోను, గెలిచినవాడు ఇంటిలోను ఏడ్చునన్న సామెత ఎదురుదావా నెరుగనివాడు కట్టినది కాబోలు. ఈ వ్యాజ్యములో ఇద్దరును కొంత గెలిచి కొంత ఓడినవారే. 1976 నాటి సవరణచట్టము 1977 ఫిబ్రవరి 1 నుండి 8వ ఆర్డరులో 6-ఎ మొదలగు నిబంధనలను చేర్చినది మొదలు ఎదురుదావా ప్లెయింటుతో సమానము. దానికి వేరుగా కోర్టుఫీజు కట్టవలెను. అసలు దావా కొట్టివేయబడినను అది తన త్రోవన తాను నడచును. కావున 80,000 తేడాను చూచి వాదియే గెలిచెను, ఖర్చులన్నియు వానికే యనుట పొరపాటు. వాది తన కోరికలో 5కు 3 పాళ్లు, ప్రతివాది తన కోరికలో 5కు 2 పాళ్లు నెగ్గినారు. ఆ దామాషానే పాటించుట న్యాయము.

ఒకే గుమస్తా ఒకే చిట్టా చేతబట్టి బోనెక్కి, నోటు సంగతియు వడ్ల సంగతియు ఒక్క పూటలో చెప్పినచో అతని బత్తా ఎవరి పద్దు? 1929 లా రిపోర్టులలో అచ్చయిన మెడ్‌వే ఆయిల్ వ్యాజ్యములో ఆంగ్లదేశపు ప్రభువుల సభ, ఎదురుదావా మూలమున అదనముగా పెరిగినంత ఖర్చే దానికి చెందునని తేల్చినది. గుమస్తా ఎట్లును రావలసినవాడే గనుక అతని బత్తా అసలు దావాదే.

కోడు అనుబంధములోని డిక్రీ నమూనాలో ఖర్చుల పట్టికకు రెండు గడులు గలవు. వాది గడి ప్లెయింటు స్టాంపుతో ఆరంభమై వకాల్తా స్టాంపు, ప్లీడరు ఫీజు, సాక్షుల బత్తాల మీదుగా సాగును. ప్రతివాది గడి వకాల్తా స్టాంపుతోనే మొదలగును. ఎదురుదావాకు రైతు కట్టిన స్టాంపునకు అందు పంక్తియే లేదు! పట్టిక మరచినదానిని తీర్పైనను గుర్తుంచుకొనవలెను గదా. రెండు దావాలకును వేర్వేరుగా కారణము వ్రాయక ‘ఎవరి ఖర్చులు వారివే’ అని ముగించుట శ్రమ తగ్గించునేమో గాని, 35వ సెక్షనును తృప్తిపరచునని నాకు తోచదు.

అబద్ధపు దావాకు 35-ఎ సెక్షను విధించు పరిహారపు ఖర్చులు 3,000 రూపాయలు దాటరాదు. జస్టిస్ పి. వెంకటరామరెడ్డి అధ్యక్షులుగా నున్న లా కమిషను 2012లో తన 240వ నివేదికను ఈ ఖర్చుల విషయమునకే కేటాయించినది. 2015 నాటి వాణిజ్య న్యాయస్థానముల చట్టము ఆ పరిమితిని తొలగించి, పసలేని ఎదురుదావాతో కాలయాపన చేసినారా యని ఖర్చుల నిర్ణయములో విచారింపుమన్నది. అయితే అది 3,00,000కు తక్కువ కాని వాణిజ్య వివాదములకే. మన వ్యాపారి నోటు 2,00,000 రూపాయలది.