తుపాకీ హత్యలపై ఆరోపణలు.. తుపాకీ చట్టంపై మౌనం

న్యూఢిల్లీ: అమెరికాలో అధ్యక్ష పదవికి పోటీపడే అభ్యర్థి తుపాకీ చట్టాలపై తన వైఖరి చెప్పక తప్పదు. 1791లో ఆమోదం పొందిన రెండో రాజ్యాంగ సవరణ అక్కడ ఆయుధం కలిగి ఉండటాన్ని పౌరుడి హక్కుగా గుర్తించింది. ఆ చర్చ తెలుగు కుటుంబాలకూ దూరపుది కాదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలోని ఒలేథ్‌లో ఒక తెలుగు ఇంజినీరు విద్వేష కాల్పులకు బలయ్యారు. మన దేశ రాజధాని ప్రాంతంలో పరిస్థితి భిన్నం. ఇక్కడ ఎన్నికల ప్రచారంలో తుపాకీ మోత తరచూ ప్రస్తావనకు వస్తుంది. తుపాకీ చట్టం మాత్రం రాదు.

2025 ఫిబ్రవరి 5న పోలింగ్ జరిగిన ఢిల్లీ శాసనసభ ఎన్నికలు ఇందుకు తాజా ఉదాహరణ. అంతకుముందు ఏడాది రాజధానిలో వ్యాపారులను బెదిరించి డబ్బు గుంజే ముఠాలు దుకాణాలపై కాల్పులు జరిపాయి. సెప్టెంబరులో గ్రేటర్ కైలాశ్‌లో ఒక జిమ్ యజమానిని కాల్చి చంపారు. ఈ ఘటనలకు కేంద్ర హోం మంత్రి అమిత్ షా బాధ్యత వహించాలని ఆమ్ ఆద్మీ పార్టీ అధినేత అరవింద్ కేజ్రీవాల్ డిమాండ్ చేశారు. బీజేపీ తన ప్రచారాన్ని ప్రధానంగా ఆప్ ప్రభుత్వంపై అవినీతి ఆరోపణలు, పౌర సదుపాయాల వైఫల్యాల చుట్టూ నడిపింది. 70 స్థానాల్లో 48 గెలిచి అధికారం చేపట్టింది.

ఆ ఎన్నికల్లో వచ్చిన ఒక హామీ ఈ చర్చలోని లోపాన్ని బయటపెడుతుంది. ప్రైవేటు భద్రతా సిబ్బందిని నియమించుకునేందుకు కాలనీల నివాసుల సంక్షేమ సంఘాలకు నిధులిస్తామని 2025 జనవరిలో కేజ్రీవాల్ ప్రకటించారు. పోలీసులపై అధికారం లేని ప్రభుత్వం ఇవ్వగలిగిన హామీ అంతవరకే.

అధికారం ఎవరి చేతిలో?

రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని కేంద్ర జాబితాలో అయిదో అంశం ఆయుధాలు, మందుగుండు, పేలుడు పదార్థాలు. అంటే వీటిపై చట్టం చేసే అధికారం పార్లమెంటుదే. మిగిలిన రాష్ట్రాలకు కనీసం పోలీసు యంత్రాంగం చేతిలో ఉంటుంది. 239ఏఏ అధికరణం ఢిల్లీ శాసనసభకు ఆ వెసులుబాటు కూడా ఇవ్వలేదు. శాంతిభద్రతలు, పోలీసు, భూమి దాని పరిధిలో లేవు. రాజధానిలో తుపాకీ లైసెన్సు ఇచ్చేది కేంద్రం ఆధీనంలోని ఢిల్లీ పోలీసులే. యమున దాటి నోయిడా, గాజియాబాద్ వెళ్తే ఉత్తరప్రదేశ్ యంత్రాంగం, గురుగ్రామ్, ఫరీదాబాద్ వెళ్తే హరియాణా యంత్రాంగం ఆ పని చూస్తాయి. మెట్రో రైలులో గంట ప్రయాణంలో మూడు పరిపాలనలు ఎదురయ్యే ఈ ప్రాంతంలో తుపాకీకి జవాబుదారీ ఎవరన్నది ఓటరుకు అర్థం కావడం కష్టమే. పార్టీలకు ఇది అనువుగా మారింది.

హక్కుగా అడిగిన రోజులు

ఆయుధం హక్కు అన్న వాదన మన దేశానికి కొత్త కాదు. 1878 నాటి బ్రిటిష్ ఆయుధ చట్టం భారతీయులను నిరాయుధులను చేసిందన్న ఆగ్రహం జాతీయోద్యమంలో బలంగా ఉండేది. 1931లో కాంగ్రెస్ కరాచీ తీర్మానం, నియంత్రణలకు లోబడి ఆయుధం కలిగి ఉండటాన్ని ప్రాథమిక హక్కుల్లో చేర్చింది. 1948 డిసెంబరులో హెచ్.వి.కామత్ రాజ్యాంగ సభలో ఆ మేరకు సవరణ ప్రతిపాదించగా అంబేడ్కర్ అంగీకరించలేదు. 1959 నాటి ఆయుధ చట్టం లైసెన్సు పద్ధతిని కొనసాగించింది. అమెరికా మాదిరిగా మన రాజ్యాంగం ఎవరికీ ఆయుధం ధరించే హక్కు ఇవ్వలేదని 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఉత్తరప్రదేశ్‌లోని అక్రమ ఆయుధాల కేసు విచారణలో గుర్తుచేసింది.

చట్టంపై పార్టీల వైఖరులు కొంతైనా వెల్లడైన సందర్భం 2019 డిసెంబరు. అప్పటివరకు ఒక వ్యక్తి మూడు తుపాకులు ఉంచుకోవచ్చు. సవరణ బిల్లు ఆ సంఖ్యను ఒకటికి తగ్గించాలనగా, అభ్యంతరాల అనంతరం ప్రభుత్వం రెండుకు అంగీకరించింది. లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. లైసెన్సు లేకుండా ఆయుధాల తయారీ, అమ్మకాలకు కనీస శిక్ష ఏడేళ్లకు, గరిష్ఠ శిక్ష జీవిత ఖైదుకు చేరింది. వేడుకల్లో కాల్పులు జరిపి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే రెండేళ్ల వరకు జైలు లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఈ చివరి నిబంధన ఎందుకు అవసరమో రాజధానికి తెలుసు. 2018 డిసెంబరు 31 రాత్రి దక్షిణ ఢిల్లీ ఫాంహౌస్‌లో నూతన సంవత్సర వేడుకల కాల్పుల్లో ఒక మహిళ గాయపడి తర్వాత మరణించారు. ఆ కేసులో అరెస్టయిన వ్యక్తి అప్పటికి బిహార్ మాజీ ఎమ్మెల్యే.

నినాదం, ఆయుధం

2020 ఎన్నికల్లో తుపాకీ ప్రచార వేదికపైకే వచ్చింది. దేశద్రోహులను కాల్చాలన్న అర్థం వచ్చే నినాదాన్ని సభికులతో పలికించిన అప్పటి కేంద్ర సహాయ మంత్రి అనురాగ్ ఠాకూర్‌ను ఎన్నికల సంఘం ప్రధాన ప్రచారకుల జాబితా నుంచి తొలగించి, 72 గంటల పాటు ప్రచారం నుంచి నిషేధించింది. అదే వారంలో జనవరి 30న జామియా వద్ద, ఫిబ్రవరి 1న షాహీన్‌బాగ్‌లో నిరసనల చోట కాల్పులు జరిగాయి. నినాదానికీ కాల్పులకూ సంబంధం ఉందా అని పార్టీలు వాదించుకున్నాయి. ఆ చేతుల్లోకి ఆయుధాలు ఎలా వచ్చాయన్న ప్రశ్న ప్రచారంలో నిలవలేదు.

అసలు చిక్కు అక్కడే ఉంది. ఎన్నికల ప్రకటన వెలువడగానే లైసెన్సు తుపాకులను ఠాణాల్లో అప్పగించమంటారు. అభ్యర్థులు సైతం తమ ఆయుధాలను అఫిడవిట్‌లో చూపుతారు. 2022లో ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి యోగి ఆదిత్యనాథ్ లక్ష రూపాయల రివాల్వర్, 80 వేల రూపాయల రైఫిల్ ఉన్నట్లు తెలిపారు. ఇవన్నీ లెక్కలో ఉన్న తుపాకులు. ముఠాల చేతుల్లో ఉండేవి బిహార్‌లోని ముంగేర్, మధ్యప్రదేశ్‌లోని ఖర్గోన్ వంటి చోట్ల అక్రమంగా తయారై రాజధానికి చేరే పిస్టళ్లు. లైసెన్సు సంఖ్య తగ్గించినంత మాత్రాన ఈ రవాణా ఆగదు.

ఇతర రాష్ట్రాల్లో రాజకీయం మరో మలుపు తిరుగుతోంది. 2025 మే నెలలో అస్సాం మంత్రివర్గం సున్నిత ప్రాంతాల్లోని స్థానికులకు ఆయుధ లైసెన్సులు ఇవ్వాలని నిర్ణయించింది. అది ప్రమాదకరమని కాంగ్రెస్ విమర్శించింది. ఎవరితో ఏకీభవించినా, అక్కడి ఓటరుకు రెండు స్పష్టమైన వైఖరులు కనిపించాయి. రాజధాని ప్రాంత ఓటరుకు ఆ అవకాశం దక్కలేదు.

శాసనసభ అభ్యర్థి ఆయుధ చట్టాన్ని మార్చలేరు. కానీ ఈ ప్రాంతం నుంచి పార్లమెంటుకు వెళ్లే ఎంపీలు మార్చగలరు. మూడు పోలీసు యంత్రాంగాలు అక్రమ ఆయుధాల సమాచారాన్ని ఎలా పంచుకోవాలి? స్వాధీనం చేసుకున్న పిస్టల్ తయారైన చోటు దాకా దర్యాప్తు వెళ్తోందా? ఆయుధ చట్టం కేసుల్లో ఎన్ని శిక్ష దాకా వెళ్తున్నాయి? ఈ ప్రశ్నలకు సమాధానమిచ్చే అభ్యర్థి, కాల్పులు జరిగిన మర్నాడు ప్రత్యర్థిపై విరుచుకుపడే అభ్యర్థి కన్నా ఓటరుకు ఎక్కువ ఉపయోగపడతారు.