వినకయే వెలివేయుట

ఇంటిలో మిగిలిన గదిని యాత్రికులకు దినముల లెక్కన అద్దెకిచ్చి సంసారము నడుపుకొను గృహిణి యొకతె యున్నదనుకొనుడు. ఒకనాటి యుదయమున, అంతర్జాలమున గదులు కుదుర్చు బుకింగు సంస్థ యామె పేరు కొట్టివేయును. కుదిరిన బేరములు రద్దగును. ఏండ్లతరబడి అతిథులు వ్రాసిన మెప్పుమాటలును మాయమగును. కారణమడిగిన "నిబంధనల యుల్లంఘనము" అను నొక్క ముక్కయే ప్రత్యుత్తరము! ఏ నిబంధన? ఎవరి ఫిర్యాదు? చెప్పరు. పైకము తిరిగి రాబట్టుకొనదలచిన అతిథి యల్లిన కట్టుకథ కావచ్చును. యంత్రము చేసిన పొరపాటు కావచ్చును. వినువాడేడి?

అతిథుల క్షేమము కొరకే యని సంస్థలవారందురు. గదిలో రహస్యముగా కెమెరా దాచినవానిని తక్షణమే యాపవలసినదే, కాదనము. కాని యాపుట వేరు, విచారింపక శాశ్వతముగా వెలివేయుట వేరు. మనము ఇన్నాళ్లు నిందించిన కులపంచాయతీలు సయితము మనిషిని రచ్చబండకు పిలిచి యడిగెడివి!

ఐరోపా సమాఖ్యవారు 2019లో చేసిన శాసనము 2020 జూలై 12 నుండి అమలులోనికి వచ్చెను. ఇట్టి సంస్థల ద్వారా వ్యాపారము చేయువారిని పూర్తిగా తొలగింపదలచినచో, కొన్ని మినహాయింపులు తప్ప, 30 దినములు ముందుగా కారణములతో తెలుపవలెనని యది విధించెను. మన దేశమున 2020లో వచ్చిన ఈ-కామర్సు నియమములు కొనువారి రక్షణకై పుట్టినవి. గదినిచ్చువారికి అట్టి గడువు వానిలో లేదు.

ఒక్క నెల యోపిక పట్టినచో సంస్థ దివాలా తీయునా? ఆ నెలలో నామె తన సాక్ష్యము చూపుకొనును; కాదేని, మరియొక బ్రతుకుతెరువు వెదకుకొనును.