ఆరు నెలలు ఎవరు పెట్టిన గడువు?

గద్దెకాడి ముచ్చట – ఊరివాడు, జగదేవ్‌పూర్

మా దిక్కు తొలిచూలు కాన్పు తల్లిగారింట్లో జరగాలన్నది ఎక్కడా రాసిపెట్టని చట్టం. శ్రీమంతం చేసి బిడ్డను తోలుకొచ్చేవారు. కాన్పయ్యాక ఇరవై ఒకటోనాడు తొట్టెల వేసి, మూడో నెలలోనో ఐదో నెలలోనో తల్లినీ పిల్లనూ అత్తగారింట దింపి వచ్చేవారు. అన్నాళ్లూ ఇల్లు అమ్మది, పొయ్యి అమ్మది, పెత్తనం అమ్మది. బాలింతకు ఏం పెట్టాలో, పిల్లకు ఏ వేళకు నీళ్లు పోయాలో ఆమె చెప్పిందే చెల్లేది. అల్లుడు ఆదివారం బస్సుకు వచ్చి సోమవారం బస్సుకు పోయేవాడు.

ఇప్పుడు అమ్మే మూట కట్టుకుని పోతున్నది. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద ఇంజనీరింగ్ చదివిన పిల్లలు ఎం.ఎస్.లకు పోయి, డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కొలువుల్లో కుదిరి, పెండ్లిళ్లు చేసుకుని, కాన్పుల దాకా వచ్చారు. బిడ్డ ఇంట్లో ఒక పూట ఉండటానికే మొహమాటపడిన తరం వెనకటిది. ఆ తరం పెంచిన ఆడమనిషి ఇవ్వాళ అల్లుడి ఇంట్లో ఆరు నెలలు ఉండి వస్తున్నది. పెత్తనం బిడ్డా అల్లుళ్లది, చాకిరీ అమ్మది. మాటల్లో మాత్రం చుట్టం. ఈ మూడింటికీ పొత్తు కుదరక ఫోన్లలో వినిపించే ఏడుపులు ఈ మధ్య మా వాడకట్టులో ఎక్కువయ్యాయి. తప్పు మనుషులది కాదు. ఆరు నెలల గడువుది అని నా లెక్క.

ఆ గడువు ఎక్కడినుంచి వచ్చిందో చూడండి. అమెరికా విజిటర్ వీసా మనవాళ్లకు సాధారణంగా పదేళ్లకు ఇస్తారు. దిగిన ప్రతిసారీ ఎన్నాళ్లు ఉండొచ్చో ఎయిర్‌పోర్టులో ఆఫీసరు తేల్చి, ఐ-94 అనే రికార్డులో ఎక్కిస్తాడు. మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. అది మించకూడని హద్దు. అంతకాలం ఉండి తీరాలని ఎవరూ అనలేదు. మనవాళ్లు దాన్ని హక్కుగా లెక్కేసుకుని, ఒక్క రోజు మిగలకుండా వాడుకుంటున్నారు. ఇద్దరి టికెట్లు, వీసా ఫీజు మనిషికి 185 డాలర్లు, ఇన్సూరెన్సు, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ చుట్టూ తిరుగుడు – ఇంత పెట్టి మూడు నెలలకే వస్తే నష్టం కాదా అంటారు. బాలింతకూ పసిపిల్లకూ ఎన్నాళ్లు తోడు కావాలన్న ప్రశ్న ఆ లెక్కలో ఎక్కడా కనిపించదు.

దీనికి తోడు అమెరికా వాళ్ల సెలవుల గోస. బాలింతకు జీతంతో సెలవు ఇవ్వాలన్న జాతీయ చట్టం ఆ దేశంలో లేదు. 1993లో తెచ్చిన చట్టం పన్నెండు వారాల సెలవిస్తుంది, జీతం లేకుండా. అదీ యాభై మందికి తక్కువ కాకుండా ఉన్న కంపెనీలో, ఏడాది పని చేసినవాళ్లకు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ లాంటి రాష్ట్రాలు సొంతంగా కొంత జీతం ఇస్తున్నాయి గానీ మనవాళ్లు పొలోమని పోతున్న టెక్సాస్‌లో అలాంటిదేం లేదు. మన దగ్గర 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు ఇరవై ఆరు వారాలు జీతంతో సెలవుంది, కనీసం కాగితం మీద. అక్కడ ఆరు వారాల పసిగుడ్డును డే కేర్‌లో దింపి ఆఫీసుకు పోయే తల్లులున్నారు. అందుకని ఆడపిల్ల తల్లిదండ్రులు ఆరు నెలలు, వాళ్లు దిగిపోగానే మగపిల్లవాడి తల్లిదండ్రులు ఆరు నెలలు. పిల్ల ఏడాది గట్టెక్కుతుంది. మన తెలుగు అపార్టుమెంట్లలో ఈ డ్యూటీ మార్పిడి ఎంత మామూలైందంటే, కడుపు పండిందని తెలిసిన వారానికే ఎవరు ముందు, ఎవరు తర్వాత అని వియ్యంకుల మధ్య మాటలు నడుస్తాయి. బాలింత పరిస్థితి చూడండి. కుట్లు మానకముందే ఇంటికి వచ్చినవాళ్ల ఆలనాపాలనా చూడాలి, వాళ్లు పోకముందే రాబోయేవాళ్ల పడక సర్దాలి. ఏడాది పొడుగునా తన ఇంట్లో తను కాళ్లు చాపుకుని కూర్చున్నది లేదు.

అమ్మ పోయే ముందు ఇంట్లో జరిగే తతంగం చూడాల్సిందే. మనిషికి రెండు పెట్టెలు, పెట్టెకు ఇరవై మూడు కిలోలు. కొక్కేనికి తగిలించే చిన్న కాంటా ఒకటి వాడకట్టంతా తిరుగుతుంటుంది. బాలింత కాయం, ఎల్లిపాయ కారం, సకినాలు, మామిడికాయ తొక్కు, మనుమరాలికి వెండి మొలతాడు, ఆరు నెలలకు సరిపడా బీపీ, షుగర్ గోలీలు, వాటి చీటీలు. కరివేపాకు పెడితే బిడ్డ ఫోన్లోనే కేకలేస్తుంది. నిమ్మ, నారింజ తోటలను చంపే తెగులును మోసే పురుగు కరివేపాకు మీద బతుకుతుందని అమెరికా దాన్ని రానివ్వదు. దొరికితే చెత్తబుట్ట పాలే. ఇంగ్లిష్ రాదు కాబట్టి నడవగలిగినా వీల్‌చైర్ అడగమని కొడుకు చెబుతాడు. అది కాళ్ల కోసం కాదు, దారి కోసం. కాన్సులేట్‌లో అడిగితే నయాగరా చూడటానికి పోతున్నామని చెప్పమని ఊళ్లో ప్రతివాడూ పాఠం చెబుతాడు. బిడ్డ కాన్పుకు పోతున్నానని ఉన్నమాట చెప్పడానికి అంత భయమెందుకో నాకు అర్థం కాదు.

అక్కడ దిగాక మొదటి పోట్లాట స్నానాలగదిలో. పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, పిల్లను కాళ్ల మీద బోర్లా వేసుకుని, గోరువెచ్చని నీళ్లు ధారగా పోయడం మన అమ్మమ్మల విద్య. అమెరికా స్నానాలగదిలో టబ్బులో తప్ప నేల మీద నీళ్లు పోయే తూము ఉండదు. ఇల్లు కర్రతో కట్టింది. నీళ్లు నేల మీద పడితే కింది అంతస్తు కప్పు తడుస్తుంది. మా వాడకట్టు ఆవిడ ఒకామె చీర కుచ్చెళ్లు ఎగ్గట్టి టబ్బులోనే చిన్న పీట వేసుకుని కూర్చుంది. కాళ్లు సాంతం చాపడానికి చోటు చాలక ఒక కాలు అంచు మీద పెట్టుకుంది. అట్లనే మనుమరాలికి నలుగు పెట్టి నీళ్లు పోసింది. తర్వాత అలవాటుగా సాంబ్రాణి వేస్తే పొగ గంట మోగి ఇల్లంతా లేచింది. అల్లుడు నవ్వాడు గానీ ఆమె నాలుగు రోజులు పొయ్యి కాడ పోపు వేయడానికే జంకింది.

రెండో పోట్లాట మందూమాకుల మీద. ఇక్కడ నేను బిడ్డ పక్షం. ఏడాది నిండని పిల్ల నాలుకకు తేనె రాయొద్దని అక్కడి డాక్టర్లు గట్టిగా చెబుతారు. అందులో ఉండగల సూక్ష్మజీవి పసిపేగుల్లో విషం పుట్టించి నరాలను పడగొడుతుంది. మాటలు తొందరగా రావాలని అరగదీసి నాకించే వసను అమెరికా 1968లోనే తినే పదార్థాల్లో నిషేధించింది. ఎలుకల మీద దాని నూనెతో చేసిన పరీక్షల్లో కేన్సర్ తేలింది. కొన్న కాటుకలో సీసం ఉండొచ్చని అక్కడి ఎఫ్‌డీఏ హెచ్చరిస్తుంది. తల గుండ్రంగా రావాలని అమ్మ కుట్టి తెచ్చిన ఆవాల దిండుకూ అక్కడి తొట్టెలలో చోటు లేదు. మెత్తని దిండు ముఖం మీదికి జరిగితే పసిపిల్లకు ఊపిరాడదు. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టమని 1994లో ఆ దేశం పెద్ద ప్రచారం మొదలుపెట్టాక, నిద్రలోనే పోయే పసికందుల చావులు సగం దాకా తగ్గాయి. ఇవి అత్తాకోడళ్ల పంతాలు కావు, పిల్ల ప్రాణం సంగతులు. అమ్మలారా, మీరు నలుగుర్ని పెంచారు నిజమే. ఆ కాలంలో ఊరూరా దక్కని పిల్లలెందరో మీకూ తెలుసు.

నూనె మర్దన, కాయం, వేళకు తిండి, రాత్రి రెండు గంటలకు పిల్లను ఎత్తుకుని ‘నువ్వు పండుకో బిడ్డా’ అనే మాట – వీటిని మాత్రం ఏ డాక్టరూ చీటీ మీద రాసివ్వలేడు. భర్త కొలువు వీసాకు తోడుగా ఇచ్చే హెచ్-4 వీసా మీద ఉండి ఉద్యోగం లేక, పొద్దంతా పిల్లతో ఒక్కతే గోడలు చూస్తూ కూర్చునే బాలింతకు అమ్మ పోవడం చాకిరీ సాయం కన్నా పెద్దది. పలకరించే మనిషి దొరికినట్టు. ఆ మొదటి మూడు నెలల్లో అమ్మ ఉండాలి, అడ్డుచెప్పేవాళ్లెవరూ లేరు.

నాలుగో నెల నుంచే కథ తిరగబడుతుంది. తిరగబడేది అమ్మ దగ్గర కాదు, బాపు దగ్గర. ఆయన గురించి ఎవరూ ఆలోచించరు. అమ్మ ఒక్కతే విమానం ఎక్కలేదని తోడుగా పోతాడు. తెల్లారి లేచి చేను చుట్టి, ఒర్రె గట్టు మీద కూర్చుని, హోటల్ కాడ చాయ తాగి, నలుగురితో రాజకీయం మాట్లాడి ఇంటికొచ్చే మనిషి అక్కడ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటాడు. బయట చాలాచోట్ల నడిచిపోయే చోట కొట్టు ఉండదు, బస్సు ఉండదు. కారు నడపడం రాదు. డిసెంబర్‌లో న్యూజెర్సీలో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకుతుంది. ఎవరికైనా ఫోన్ చేద్దామంటే ఇక్కడ నడిరాత్రి. అట్లా పోయొచ్చిన ఒక పెద్దమనిషిని అమెరికా ఎట్లుందే అని గద్దె మీద అడిగితే, బంగళాల గురించీ రోడ్ల గురించీ ఒక్క మాట మాట్లాడలేదు. “మోకాలెత్తు పచ్చగడ్డి మిషన్‌తోని కోసి సంచులల్ల కట్టి చెత్తబండికి ఏస్తరు. గంత ఊరుకు ఒక్క బర్రె లేదు” అన్నాడు. బర్రెను ఇంకొకరికి ఒప్పజెప్పి పోయిన మనిషి ఆయన.

నాకైతే ఒకటే ఉపాయం తోస్తుంది. ఇద్దరినీ ఒక్కసారే పంపకండి. అమ్మ కాన్పుకు ముందు పోయి పిల్లకు మూడో నెల నిండేదాకా ఉండనీయండి. బాపు ఏప్రిల్ చివర్లో, యాసంగి వడ్లు కల్లం దాటాక పోనీయండి. వానకాలం సాగు మొదలయ్యేసరికి తిరిగి రావచ్చు. అక్కడ అప్పుడు చలి ఉండదు, పొద్దు పొడుగ్గా ఉంటుంది, పార్కుల్లో నాలాంటి ముసలోళ్లు ఇంకో నలుగురు కనిపిస్తారు. మనుమరాలు కూడా అప్పటికి నవ్వడం నేర్చి ఉంటే తాతకూ ఒక పని దొరుకుతుంది. ఒంటరి ప్రయాణానికి జంకే అమ్మలకు తోడుపోయే తెలుగువాళ్లు శంషాబాద్‌లో ఏ విమానానికైనా దొరుకుతారు. కెనడాలో ఉన్నవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. అక్కడి సూపర్ వీసా మీద తల్లిదండ్రులు 2022 నుంచి ఒక్కసారికి ఐదేళ్ల దాకా ఉండొచ్చు. కనీసం లక్ష కెనడా డాలర్ల ఆరోగ్య బీమా ఉండాలి. ఐదేళ్లు ఉండొచ్చు కదా అని ఐదేళ్లూ ఉంచేసే కొడుకులు మనకు దొరకకపోరు. ఆరు నెలలకే ఇంత రాస్తున్న నేను దాని గురించి ఇప్పుడు రాయను.

ఈ గోసంతా అదృష్టవంతులదని కూడా ఒప్పుకోవాలి. ఉమ్మడి కరీంనగర్, నిజామాబాద్ అంత కాకపోయినా సిద్దిపేట నుంచీ గల్ఫ్ పోయినవాళ్లున్నారు. దుబాయిలో భార్యాపిల్లలను తెచ్చుకోవాలంటే నెలకు 4,000 దిర్హాముల జీతమో, 3,000తో పాటు కంపెనీ ఇచ్చే ఇల్లో ఉండాలి. లేబర్ క్యాంపులో మంచం మీద మంచం వేసుకుని పడుకునే మేస్త్రీకి అంత జీతం ఎక్కడిది? ఆయన పిల్లలను ఇక్కడే నాయనమ్మ సాదుతున్నది. ఆమె సాకే గడువు ఆరు నెలలు కాదు, పదేళ్లు. ఆమెకు ఏ వీసా అక్కరలేదు, ఆమె కష్టం మీద ఎవరూ శీర్షికలు రాయరు.

అమెరికా పిల్లలు ఇక్కడికి వచ్చినప్పుడు ఇంటివాళ్ల తిప్పలు వేరు. మల్లన్నకు పుట్టు వెంట్రుకలు తీయడానికి సంక్రాంతి తర్వాత కొమురవెల్లి వస్తారు. అక్కడినుంచి తీగుల్ నర్సాపూర్ కొండపోచమ్మ దగ్గరికి. పది రోజుల రాకకు తాత ఏసీ పెట్టిస్తాడు, కమోడ్ వేయిస్తాడు, నీళ్ల సీసాలు పెట్టెలకు పెట్టెలు తెప్పిస్తాడు. ఎవరి పడక ఎక్కడో, ఎవరికి ఏం పడదో ముందే ఫోన్లో అడిగి రాసుకుంటాడు. పది రోజులకు ఇంత ముందుచూపు ఉన్న ఇల్లు, ఆరు నెలలకు బయలుదేరేటప్పుడు మాత్రం ఒక్క మాట మాట్లాడుకోదు.

అందుకని అక్కడున్న బిడ్డలకూ కొడుకులకూ ఒక విన్నపం. అమ్మ ఏ పనులు చేస్తుందో, ఏవి చేయదో టికెట్ కొనకముందే తేల్చుకోండి. వారానికి ఒక పూట ఆమెను వంటింట్లోకి రానివ్వకండి. పాతరోగాలను చాలా విజిటర్ ఇన్సూరెన్సులు పట్టించుకోవు కాబట్టి కాగితం చివరిదాకా చదివి కొనండి. తిరుగు టికెట్ ఐ-94 చూసి వేయకండి. ఎప్పుడొస్తవే అని అమ్మను అడగండి, నాట్లు ఎప్పుడు పడతయే అని బాపును అడగండి, వాళ్లు చెప్పిన తారీఖు వేయండి.