ఏ లెక్కలోనూ లేనివారి గురించి

విశాఖపట్నం జిల్లా కలెక్టర్ గారికి,

కేంద్రం జరిపే శ్రామిక శక్తి సర్వే 15–29 ఏళ్లవారిలో చదువు, పని, శిక్షణ మూడూ లేనివారిని లెక్కిస్తుంది. ఆ వయసు దాటినవాళ్ల మాటేమిటి? గాజువాక, పెదగంట్యాడ వైపు ఉక్కు కర్మాగారానికి భూములిచ్చిన ఇళ్లలో నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు (పునరావాస కార్డు) పట్టుకుని ఉద్యోగం కోసం చూసి చూసి నడివయసుకు వచ్చినవారున్నారు. ఆ కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగింది. 2021లో దాని ప్రైవేటీకరణ నిర్ణయం వెలువడ్డాక వాళ్ల పిల్లలకు ఆ ఆశ కూడా సన్నగిల్లింది. వీళ్లను సోమరులనడం అన్యాయం.

ఆడవాళ్ల సంగతి మరీ బాధ కలిగిస్తుంది. వంట, నీళ్లు, పిల్లలు, మంచాన పడ్డ అత్తగారు, ఇలా పొద్దస్తమానం చాకిరీ చేసే మనిషి కూడా మన పట్టికల్లో ఖాళీగా ఉన్నట్టే.

2024 జూన్‌లో ముఖ్యమంత్రి, ఎవరికి ఏ పని వచ్చో లెక్కించే నైపుణ్య గణన దస్త్రంపై సంతకం చేశారు. ఆ గణనలో ఏ పని వచ్చు అని మాత్రమే అడిగితే చాలదండి. చదువు ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, ఇంట్లో ఎవరిని చూసుకోవాలి, బస్సు ఛార్జీకి డబ్బులున్నాయా అని కూడా అడిగించండి. వయసు హద్దు పెట్టకండి. కంచరపాలెం ఐటీఐలో 30 దాటినవారికీ చోటివ్వండి. తల్లుల కోసం పక్కనే పిల్లల్ని చూసుకునే గది ఒకటి ఏర్పాటు చేయించండి.

ఇట్లు,
ఒక విశాఖవాసి