పాత నాణేలు, ప్లాస్టిక్ పేజీలు



ఉద్దానం, టెక్కలి, పలాస ప్రాంతములనుండి కూలికి దూరదేశము వెళ్లిన తండ్రులు సెలవుకు వచ్చినప్పుడు, జేబులో మిగిలిన పరదేశపు నాణేలు పిల్లల చేతిలో పెట్టుదురు. తాతయ్య దాచిన 3 పైసల, 20 పైసల అల్యూమినియం బిళ్లలు వాటికి తోడగును. 25 పైసలు, అంతకు లోపు నాణేలు 2011 జూన్ 30 నుండి చెల్లవు. అయినను ఆ బిడ్డకు అవి విలువైనవే. వాటిని దాచుటకు ఆల్బమ్ కొనునప్పుడు కొన్ని సంగతులు గమనించవలెను.

మెత్తగా ఉండి, కొత్త రెయిన్‌కోటు వాసన కొట్టే పేజీలు సాధారణముగా పి.వి.సి. ప్లాస్టిక్‌తో చేసినవి. దానిని మెత్తబరచుటకు కలిపిన పదార్థము కాలక్రమేణ బయటికి ఊరి నాణెమును జిగురు చేయును. రాగి నాణెమైతే పచ్చబడును. మన ఎండ, చెమ్మ ఆ చెరుపును త్వరపెట్టును. గనుక పాలీప్రొపిలీన్ లేక పాలిస్టర్ పేజీలని అడిగి కొనండి. పేజీలు తీసి పెట్టుకొనే రింగుల ఫైలైతే మేలు. అరలు నాణెమునకు సరిపడా ఉండవలెను. రబ్బరు బ్యాండు, సెల్లోటేపు వాడవద్దు. చింతపండుతో తోమవద్దు, మెరుపు వచ్చును గాని నాణెపు పైపొర పోవును. అంచులు పట్టుకొని తీయుట పిల్లలకు నేర్పండి.

ఆల్బమ్‌ను నేలమీద, గోడకు ఆనించి పెట్టక, మూత గట్టిగా పడే డబ్బాలో ఎత్తున ఉంచండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటిన రాత్రిని ఎరిగిన మనకు ఈ మాట వివరించనక్కరలేదు.

మరొక హెచ్చరిక. పాత నాణెమునకు లక్షలిస్తామని ఫోను చేసి, ముందుగా రుసుము కట్టమనువారిని నమ్మవద్దు. తమ పేరు చెప్పి ఇట్లు డబ్బు అడుగుచున్నారని రిజర్వు బ్యాంకే 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించినది.

లూకా 15వ అధ్యాయములోని స్త్రీకి పది నాణేలున్నవి. ఒకటి పోగా, తొమ్మిది ఉన్నవి గదా అని ఊరుకొనలేదు. దీపము వెలిగించి, ఇల్లు ఊడ్చి వెదకినది. ఆమె వెదకినది నాణెమునే గాని, ప్రభువు ఆ మాట చెప్పినది తప్పిపోయిన మనిషిని గూర్చి. మన ఆల్బములోని నాణెము భద్రముగా ఉండి, దానిని పంపిన తండ్రి మన ప్రార్థనలోనుండి జారిపోయిన యెడల మనము దాచినది ఏమి?

ఈ ఆదివారము పిల్లలతో ఆల్బమ్ తెరవండి. ఒక్కొక్క నాణెము ఎవరు తెచ్చిరో చెప్పి, వారి పేరు పెట్టి ప్రార్థించండి. వీలైతే ఆ సాయంత్రమే వారికి ఫోను చేయండి.

ప్రభువు మీ గృహములను కాపాడును గాక. ఆమేన్.